మజిల్ కారు ఒరిజినలేనా? డబ్బు కట్టేముందు తేల్చుకునే పద్ధతి

అమెరికాలో 1964 నుంచి 1972 దాకా వచ్చిన మజిల్ కార్లకు నకిలీ తయారుచేయడం పెద్ద కష్టమైన పనేమీ కాదు. అప్పట్లో కంపెనీలు ఒకే బాడీలో చిన్న ఇంజిన్ పెట్టి సంసారులకూ, పెద్ద ఇంజిన్ పెట్టి కుర్రకారుకూ అమ్మేవి. 1970లో ఒకాయన ఆఫీసుకు వెళ్లిరావడానికి కొన్న షెవర్లే షెవెల్ మాలిబుకీ, పక్కింటి కుర్రాడు కొన్న 450 హార్స్‌పవర్ ఎల్‌ఎస్6 షెవెల్‌కీ తలుపులు, డిక్కీ, అద్దాలు అన్నీ ఒకటే. తేడా అంతా ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్, బ్రేకులు, బ్యాడ్జీల్లో ఉంది. అవన్నీ ఇవాళ విడిగా దొరుకుతాయి. చాలావరకు కొత్తవే చేసి అమ్ముతున్నారు. ధర దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ రెండు కార్లకూ పొంతనే ఉండదు.

అలా తయారుచేసిన కారుని క్లోన్ అనో ట్రిబ్యూట్ అనో చెప్పి అమ్మితే తప్పేం లేదు. నడపడానికి అదే హాయి, ఎక్కడ పార్క్ చేసినా టెన్షన్ ఉండదు. ఒరిజినల్ అని చెప్పి ఒరిజినల్ ధర అడిగినప్పుడే కింద రాసిన పనంతా చేయాలి.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఫ్యాక్టరీ ఏ వివరాన్ని రాయకుండా ఖాళీ వదిలిందో, మోసం సరిగ్గా అక్కడే జరుగుతుంది. ఆ ఖాళీ ఒక్కో కంపెనీకి ఒక్కోచోట ఉంది. దాన్ని పట్టుకుంటే కారులో దేన్ని ఎక్కువసేపు చూడాలో, దేన్ని పైపైన చూసి వదిలేయాలో తెలుస్తుంది.

మొదటి పని: ఏ కంపెనీ ఏం రాసిపెట్టిందో తెలుసుకోండి

ఇప్పుడు మనం చూసే 17 అక్షరాల విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) 1981 మోడళ్ల నుంచి వచ్చింది. అంతకుముందు ఎవరి పద్ధతి వాళ్లదే.

ఫోర్డ్‌తో పని సులువు. విన్‌లోనే ఇంజిన్ కోడ్ ఉంటుంది. 1969 మస్టాంగ్ నంబరు ‘9ఎఫ్02జెడ్’ అని మొదలైతే 9 అంటే 1969, ఎఫ్ అంటే డియర్‌బార్న్ ఫ్యాక్టరీ, 02 అంటే ఫాస్ట్‌బ్యాక్ బాడీ, జెడ్ అంటే బాస్ 429 ఇంజిన్ (ఇలాంటి అంకెలు ఘనపు అంగుళాల్లో ఇంజిన్ పరిమాణం). అదే చోట జీ ఉంటే బాస్ 302. క్యూ, ఆర్ అక్షరాలు 428 కోబ్రా జెట్‌వి. బాస్ 429 కార్లను మిషిగన్‌లోని బ్రైటన్‌లో కార్ క్రాఫ్ట్ అనే సంస్థలో పూర్తిచేసేవారు కాబట్టి, డ్రైవర్ తలుపు మీద ‘కేకే’ అక్షరాలతో ఇంకో వరస నంబరు కూడా ఉంటుంది. వీటన్నిటికీ తోడు, 1967 మోడల్ నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు లైసెన్సు కింద మార్టీ ఆటో వర్క్స్ దగ్గర ఉన్నాయి. విన్ ఇచ్చి డబ్బు కడితే ఆ కారు ఏ రంగులో, ఏ ఆప్షన్లతో, ఏ డీలరుకి వెళ్లిందో రిపోర్టు ఇస్తారు. దాన్నే మార్టీ రిపోర్ట్ అంటారు. మామూలు మస్టాంగ్‌ని బాస్‌గా మార్చి ఈ రిపోర్టు ముందు నిలబెట్టడం కుదరదు. అందుకని ఫోర్డ్‌లో మోసం విన్ ప్లేటు దగ్గరికి జరిగింది. తుప్పు పట్టి పనికిరాకుండా పోయిన అసలు బాస్ నంబరు తీసి ఇంకో బాడీకి ఎక్కిస్తారు.

క్రైస్లర్ వాళ్ల డాడ్జ్, ప్లిమత్ కార్ల విన్‌లో 1966 నుంచి ఐదో అక్షరం ఇంజిన్‌ది. 1970 హెమీ ‘కూడా’ (ప్లిమత్ బారకూడాకి పొట్టిపేరు) నంబరు ‘బీఎస్23ఆర్0బీ’ అని మొదలవుతుంది. బీఎస్ అంటే ‘కూడా’ మోడల్, 23 అంటే హార్డ్‌టాప్, ఆర్ అంటే 426 హెమీ ఇంజిన్, సున్నా అంటే 1970, చివరి బీ డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ. 23 బదులు 27 ఉంటే కన్వర్టిబుల్. 1970లో హెమీ ‘కూడా’ కన్వర్టిబుల్స్ తయారైంది 14 మాత్రమే కాబట్టి ‘బీఎస్27ఆర్’ అని ఎవరైనా చెబితే ఆ కారు చరిత్ర ఈ రంగంలో వాళ్లకి ముందే తెలిసి ఉంటుంది. చిక్కెక్కడంటే 1968 నుంచి ఇటు, కారు వారీగా చెప్పే ఫ్యాక్టరీ రికార్డులు కంపెనీ దగ్గర లేవు. ఇంకో చిక్కు మోడల్ పేరు. 1969 డాడ్జ్ చార్జర్ డేటోనా 503 తయారయ్యాయి. దాని నంబరు ‘ఎక్స్ఎక్స్29’తో మొదలవుతుంది, మామూలు చార్జర్ ఆర్‌టీది ‘ఎక్స్ఎస్29’. కాబట్టి డేటోనాని పట్టుకోవచ్చు. దాని అన్నదమ్ముల్లాంటి 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్ నంబరు మాత్రం మామూలు ప్లిమత్ రోడ్ రన్నర్ లాగే ‘ఆర్ఎం23’. వెనక ఎత్తు రెక్క, ముందు పొడుగు ముక్కు రెండూ కొత్తవి దొరుకుతాయి కాబట్టి ఆ ఒక్క కారు విషయంలో రెండింతలు అనుమానించండి.

పాంటియాక్ జీటీఓ 1964, 65లలో లెమాన్స్ మీద ఒక ఆప్షన్ మాత్రమే. విన్‌లో జాడ ఉండదు. 1966 నుంచి 1971 దాకా నంబరు 242తో మొదలవుతుంది. అయినా అది జీటీఓలో ప్రత్యేక ప్యాకేజీ అయిన ‘ది జడ్జ్’ అవునా కాదా అన్నది అందులో తెలియదు. 1971 జడ్జ్ కన్వర్టిబుల్స్ 17 మాత్రమే వచ్చాయని తలుచుకుంటే ఆ ఖాళీ విలువెంతో అర్థమవుతుంది. అదృష్టవశాత్తూ పాంటియాక్ ఫ్యాక్టరీ ఇన్‌వాయిస్‌లు మిగిలాయి. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్, అంటే పీహెచ్‌ఎస్, ఆ కాపీలు ఇస్తుంది. ఆ కాగితం లేకుండా జడ్జ్ కొనకండి. అంతకంటే ఈ కంపెనీ గురించి చెప్పేదేమీ లేదు.

అసలు తలనొప్పి షెవర్లే. జనం ఎక్కువ అడిగేదీ, నకిలీలు ఎక్కువ తిరిగేదీ ఇక్కడే. 1969 కమారో వీ8 కూపే ఏదైనా ‘124379’ అనే మొదలవుతుంది. ఆ తరవాత ఒహాయోలోని నార్‌వుడ్‌కి ఎన్, కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌కి ఎల్. ఆ ఏడాది 20,302 తయారైన జెడ్/28 అయినా, అల్యూమినియం 427 ఇంజిన్‌తో 69 మాత్రమే వచ్చిన జెడ్ఎల్1 అయినా, పిల్లల్ని బడికి దింపడానికి వాడిన 307 ఇంజిన్ కారయినా నంబరు ఒకే తీరు. 1970 షెవెల్ కూడా అంతే. 13637 అంటే వీ8 మాలిబు కూపే అని మాత్రమే అర్థం. పైగా అమెరికాలో అమ్మిన షెవర్లేలకు ఏ కారులో ఏ ఆప్షన్లు పెట్టారో చెప్పే ఫ్యాక్టరీ రికార్డులు మిగల్లేదు. ఎన్‌సీఆర్‌ఎస్ అనే కార్వెట్ సంఘం ఇచ్చే షిప్పింగ్ రిపోర్టులో తయారైన తేదీ, వెళ్లిన డీలరు ఉంటాయి, ఆప్షన్లు ఉండవు. కారు మొదట కెనడాలో అమ్ముడైనదైతే మీ పంట పండినట్టే. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ (జీఎం) కెనడా శాఖ రికార్డుల్లోంచి ఆప్షన్ల జాబితా తెప్పించుకోవచ్చు.

కాబట్టి ఇక్కణ్నుంచి చెప్పేదానికి 1969 కమారో జెడ్/28ని ఉదాహరణగా పెట్టుకుంటాను. ఆ కారు చూడ్డం వస్తే మిగతావి తేలిక.

రెండో పని: ఇంట్లో కూర్చునే సగం కార్లు తీసేయండి

డల్లాస్‌లో ఉండి ఒహాయోలో కారు చూడ్డానికి విమానం ఎక్కేముందు అమ్మేవాణ్ని ఐదు ఫొటోలు అడగండి: డాష్‌బోర్డు మీది విన్ ప్లేటు రివెట్లతో సహా, ఇంజిన్ గదిలో ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కేబిన్‌కీ మధ్య గోడ) మీది ట్రిమ్ ట్యాగ్ అనే వివరాల రేకు, ఇంజిన్ ప్యాడ్ (బ్లాక్ మీద నంబర్లు కొట్టిన చదునైన చోటు), గేర్‌బాక్స్ స్టాంపింగ్, చేతిలో ఉన్న కాగితాలన్నీ. కడిగి తుడిచి తీయమనండి. గరుకు కాగితం, వైర్ బ్రష్ వాడొద్దని గట్టిగా చెప్పండి. ఇంజిన్ ప్యాడ్‌ని ఒక్కసారి గీకితే సాక్ష్యం పోయినట్టే. బ్రేక్ క్లీనర్, మెత్తటి గుడ్డ చాలు.

‘వచ్చి చూసుకోండి, అన్నీ చూపిస్తా’ అని ఫొటోలు దాటేసేవాడితో సమయం వృథా. నిజమైన కారున్నవాడు అడక్కుండానే ఈ ఫొటోలు పంపిస్తాడు, అదే ఆయన గర్వం.

వచ్చిన ఫొటోల్లో మొదట విన్ చదవండి. 124 బదులు 123తో మొదలైతే ఆ కమారో ఆరు సిలిండర్లతో పుట్టింది. అక్కడితో కథ ముగిసింది. ఇంత చిన్న పరీక్షలో కూడా పోయే కార్లు అమ్మకానికి వస్తుంటాయి.

మూడో పని: ప్లేటు ఆ బాడీదేనా?

1968 నుంచి జీఎం కార్లలో విన్ ప్లేటు డాష్‌బోర్డు మీద, అద్దంలోంచి కనబడేలా ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే రివెట్లు మామూలువి కావు. తల మీద ఆరు రేకుల పువ్వు ఆకారం ఉంటుంది, రోజెట్ రివెట్ అంటారు. గుండ్రటి మామూలు రివెట్లు, స్క్రూలు, జిగురు కనబడితే లేచి వచ్చేయండి. పువ్వు రివెట్లు ఉన్నంతమాత్రాన సంతోషించకండి, అవీ బయట దొరుకుతున్నాయి. ప్లేటు అంచుల్లో వంపు, రివెట్ చుట్టూ గీతలు, పెయింటు ఒకచోట మాత్రం కొత్తగా ఉండడం చూడండి.

ప్లేటు కంటే నమ్మదగినవి దాచి కొట్టిన నంబర్లు. 1969 కమారోలో విన్ చివరి భాగాన్ని రెండుచోట్ల బాడీ రేకులోనే కొట్టారు. ఒకటి ఫైర్‌వాల్ మీద హీటర్ పెట్టె వెనక, రెండోది వైపర్ల దగ్గరి కౌల్ జాలీ కింద. జాలీ విప్పడం పది నిమిషాల పని. హీటర్ పెట్టె విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోవచ్చు, చిన్న బోర్‌స్కోప్ కెమెరా ఉంటే కొంతవరకు చూడొచ్చు. మస్టాంగ్‌లో ముందు చక్రాల పైనుండే ఏప్రన్ రేకుల మీద, ఫెండర్ అంచు కింద సగం దాక్కుని ఉంటుంది. ప్లిమత్ ‘కూడా’లో రేడియేటర్ సపోర్టు మీద, హుడ్ వెనక కౌల్ దగ్గర. షెవెల్‌లో చాసీ ఫ్రేమ్ పైభాగాన కూడా ఉంటుంది, కాకపోతే బాడీ కింద ఉన్న ఫ్రేమ్ మీద నంబరు చదవాలంటే లిఫ్టు, టార్చి, ఓపిక మూడూ కావాలి.

ఆ నంబరు చుట్టూ రేకు ఎలా ఉందో కూడా చూడండి. చతురస్రంగా వెల్డింగ్ గీత, గ్రైండర్ గుర్తులు, అక్కడ మాత్రమే మందంగా పుట్టీ ఉంటే నంబరున్న ముక్కని కోసి తెచ్చి అతికించారన్న మాట. పెయింట్ మందం కొలిచే మీటరు ఇలాంటప్పుడు పనికొస్తుంది. ఇది ధర దగ్గర ఆగే గొడవ కాదు. మోసానికి విన్ తీయడం, మార్చడం అమెరికా కేంద్ర చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు పడే నేరం. అలాంటి కారుని పోలీసులు మీ గ్యారేజీలోంచి తీసుకెళ్లగలరు, డబ్బు మాత్రం అమ్మినవాడి దగ్గర ఉంటుంది.

నాలుగో పని: ట్రిమ్ ట్యాగ్

ఫైర్‌వాల్ మీది చిన్న రేకు బాడీ కట్టిన ఫిషర్ బాడీ వాళ్లది. బాడీ రకం, లోపలి సీట్ల కోడ్, రంగు, బాడీ కట్టిన వారం ఉంటాయి. 01సీ అంటే జనవరి మూడో వారం. 711 నల్ల సీట్లు, 72 అంటే అందరూ ఇష్టపడే హగ్గర్ ఆరెంజ్. ఇప్పుడు హగ్గర్ ఆరెంజ్‌లో ఉన్న కారు ట్యాగ్ మీద వేరే రంగు కోడ్ ఉంటే తరవాత రంగు మార్చారని అర్థం. మోసం కాకపోవచ్చు, ధర మాత్రం తగ్గాలి.

నార్‌వుడ్‌లో 1968 డిసెంబర్ నుంచి కట్టిన కమారోల ట్యాగ్ మీద ఇంకో వరం ఉంది: ఎక్స్ కోడ్. ఎక్స్33, ఎక్స్77 ఈ రెండూ జెడ్/28వి. ఎక్స్22, ఎక్స్66 ఎస్ఎస్ 396వి (ఎస్ఎస్ అంటే సూపర్ స్పోర్ట్). ట్యాగ్‌లో జనవరి 1969, నార్‌వుడ్ అని ఉండి ఎక్స్ కోడ్ దగ్గర ఎక్స్44 ఉంటే అది జెడ్/28 కాదు. వాన్ నైస్‌లో ఈ కోడ్లు కొట్టలేదు. అందుకే ఎల్ అక్షరం ఉన్న జెడ్/28కి కాగితాలు లేకపోతే నమ్మడం మరీ కష్టం. ఎక్స్33 అని కొట్టిన కొత్త ట్యాగులు కూడా చేయించుకోవచ్చు కాబట్టి ట్యాగ్ రివెట్లు, అక్షరాల తీరు, పాత పెయింటు పొరలు చూసి, అసలైన ట్యాగ్ ఫొటోలతో పక్కపక్కన పెట్టి పోల్చండి. షెవెల్ ట్యాగుల్లో చాలావరకు ఎస్ఎస్ అన్న ఊసే ఉండదు.

డాడ్జ్, ప్లిమత్‌ల ఫెండర్ ట్యాగ్ ఇంతకంటే చాలా చెబుతుంది. దాన్ని కింది వరస నుంచి పైకి చదవాలి. ఈ74 అంటే హెమీ, ఈ87 అంటే మూడు కార్బురేటర్ల 440, డీ21 అంటే నాలుగు గేర్ల బాక్స్. అన్నీ చెబుతుంది కాబట్టే దానికీ నకళ్లు ఎక్కువ.

ఐదో పని: ఇంజిన్ ప్యాడ్ ముందు కూర్చోండి

ఎక్కువసేపు గడపాల్సింది ఇక్కడే. షెవర్లే వీ8లో ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కి ముందు, బ్లాక్ మీద ఒక చదునైన చోటు ఉంటుంది. 1969 కమారోలో ఆల్టర్నేటర్ వెనక దాక్కుంటుంది. అక్కడ రెండు స్టాంపింగులు ఉండాలి.

మొదటిది ఇంజిన్ కట్టిన ఫ్యాక్టరీ కొట్టినది. ‘వీ0115డీజెడ్’ అని ఉందనుకోండి. వీ అంటే ఫ్లింట్, 0115 అంటే జనవరి 15, డీజెడ్ అంటే 1969 జెడ్/28కి పెట్టిన 302 ఇంజిన్. పెద్ద ఇంజిన్లు న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండాలో తయారయ్యాయి కాబట్టి వాటికి మొదట టీ ఉంటుంది. 1970 ఎల్ఎస్6 షెవెల్‌కి చివర సీఆర్‌వీ లేదా సీఆర్ఆర్ రావాలి. రెండోది కారు కట్టిన ఫ్యాక్టరీ కొట్టిన పాక్షిక విన్: 1 షెవర్లేకి, 9 ఏడాదికి, ఎన్ నార్‌వుడ్‌కి, తరవాత కారు వరస సంఖ్య. కొన్ని 1969 ఇంజిన్లలో ఇది ప్యాడ్ మీద కాకుండా ఆయిల్ ఫిల్టర్ దగ్గర ఉంటుంది. ప్యాడ్ మీద లేదని కంగారు పడేముందు అక్కడ కూడా వెతకండి.

రెండు స్టాంపులూ వేరువేరు ఊళ్లలో, వేరువేరు మనుషులు, వేరువేరు పనిముట్లతో కొట్టినవి. అక్షరాల సైజు, లోతు, వరస కొంచెం తేడాగా ఉండటమే సహజం. రెండూ ఒకే చేతితో, ఒకే లోతులో, అచ్చు గుద్దినట్టు ఉంటే అనుమానించాల్సిందే.

తరవాత లోహాన్ని చూడండి. టార్చిని పక్కనుంచి, ఏటవాలుగా వేసి చూస్తే ప్యాడ్ మీద ఇంజిన్ పొడవునా సన్నని సమాంతర గీతలు కనబడాలి. బ్లాక్ పైభాగాన్ని ఫ్యాక్టరీలో బ్రోచింగ్ మిషన్ చదును చేసినప్పుడు పడిన గీతలవి. నంబర్ల కింద నుంచి ఆ గీతలు తెగకుండా సాగిపోవాలి. అద్దంలా నున్నగా ఉన్నా, గుండ్రటి మిల్లింగ్ సుడులు కనిపించినా, నంబరు కింద మాత్రమే గీతలు మాయమైనా పాత నంబరు తీసి కొత్తది కొట్టి ఉండొచ్చు. ‘ఉండొచ్చు’ అంటున్నాను. ఎందుకంటే ఇంజిన్ రిపేరులో బ్లాక్‌ని నిజాయితీగా మిషనింగ్ చేయించినా గీతలు పోతాయి. గీతల్ని తిరిగి గీసేవాళ్లూ ఉన్నారు. ప్యాడ్ ఒక్కదాన్నే చూసి అవునని చెప్పే మాటకు విలువ లేదు. కాదని చెప్పడానికి మాత్రం చాలాసార్లు అదొక్కటే చాలు.

ఇక తేదీల లెక్క. నకిలీలు ఎక్కువగా చిక్కేది ఇక్కడే, ఎందుకంటే మోసం చేసేవాడు మీద కనబడే నంబరు చూసుకుంటాడు, పోతలో వచ్చిన తేదీని మార్చడం కష్టమని వదిలేస్తాడు. బ్లాక్ వెనక, గేర్‌బాక్స్ అతుక్కునే అంచు దగ్గర కాస్టింగ్ నంబరు, తేదీ ఉబ్బెత్తుగా ఉంటాయి. పెద్ద ఇంజిన్లలో తేదీ స్టార్టర్ దగ్గర వెతకాలి. ‘ఏ 6 9’ అంటే జనవరి 6, 1969. ఏ జనవరి, ఎల్ డిసెంబర్. బ్లాక్ పోత పోసిన తేదీ ముందు, ఇంజిన్ కట్టిన తేదీ తరవాత, కారు కట్టిన వారం ఆ తరవాత రావాలి. జనవరి 6న పోసి, 15న కట్టి, 01డీ ట్యాగ్ ఉన్న కారులో పెట్టారంటే నమ్మొచ్చు. ట్యాగ్ మీద 12బీ ఉండి ఇంజిన్ జనవరిదైతే, కారు తరవాత ఇంజిన్ పుట్టిందన్న మాట. ట్యాగ్ మీదిది బాడీ లెక్క కాబట్టి వారం అటూ ఇటూ అయినా ఒప్పుకోవచ్చు, నెల తేడా ఒప్పుకోకూడదు. ఇదే లెక్క మన్సీ గేర్‌బాక్స్‌కీ వేయండి. ‘పీ9ఏ15’ అంటే మన్సీ, 1969, జనవరి 15. దాని మీదా పాక్షిక విన్ ఉంటుంది.

ప్యాడ్ మీద సీఈ అని మొదలయ్యే నంబరు కనబడితే భయపడకండి. వారంటీ కింద కంపెనీయే మార్చి ఇచ్చిన ఇంజిన్ బ్లాక్ అది. నన్నడిగితే నంబరు తిరగ్గొట్టిన ‘మ్యాచింగ్’ కారు కంటే, పాత డీలరు బిల్లుతో సహా ఉన్న సీఈ ఇంజిన్ కారే మేలు. అది ఉన్నదున్నట్టు చెబుతోంది.

ఉండకూడనివి ఉన్నాయేమో చూడండి

అమ్మేవాడు ‘ఇదిగో ఇదుంది, అదుంది’ అని చూపిస్తుంటాడు. మీరు ఉండకూడనివి వెతకండి. 1969 జెడ్/28 నాలుగు గేర్ల మాన్యువల్‌తో మాత్రమే వచ్చింది. ముందు డిస్క్ బ్రేకులు తప్పనిసరి. ఫ్యాక్టరీ ఏసీ ఇవ్వలేదు. ఏసీ కారు ఫైర్‌వాల్‌కీ మామూలు హీటర్ కారు ఫైర్‌వాల్‌కీ రంధ్రాల తీరే వేరు, పూడ్చిన గుర్తులు లోపలి వైపు నుంచి కనబడతాయి. ఆటోమేటిక్ గేర్ రాడ్ కోసం ఫ్లోర్‌లో కోసిన చోటు కార్పెట్ కింద దొరికితే ఇంకేం చూడక్కర్లేదు. కన్వర్టిబుల్ జెడ్/28 అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆ తరంలో ఫ్యాక్టరీ చేసింది ఒకే ఒక్కటి, 1968లో షెవర్లే అధిపతి పీట్ ఎస్టెస్ కోసం.

ఇలాంటి లక్షణాలు వెతకడానికి ముందు అసలైన కార్లను కళ్లారా చూసి ఉండాలి. మిషిగన్‌లో ట్రాయ్, నోవై, కాంటన్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి ఆగస్టులో జరిగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ చేతికందే దూరంలోనే ఉంది. అక్కడ ఓనర్లు హుడ్ ఎత్తి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. అడిగితే చాలు, ప్యాడ్ ఎక్కడుందో టార్చి వేసి మరీ చూపిస్తారు. షికాగో దగ్గర రోజ్‌మాంట్‌లో నవంబరులో జరిగే మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్‌లో ఎవరూ ముట్టుకోని, రీస్టోర్ చేయని కార్లు వస్తాయి. కొనేది ఏదైనా, చూడాల్సింది అవే. బాగా రీస్టోర్ చేసిన కారులో సాక్ష్యం సగం పెయింటు కింద కప్పబడిపోయి ఉంటుంది.

కాగితాలు మీరే తెప్పించుకోండి

ఊళ్లో స్థలం కొనేటప్పుడు అమ్మేవాడు ఇచ్చిన ఈసీ జిరాక్స్ నమ్ముతామా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మనమే తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు వెనక్కి వెనక్కి చూస్తాం. ఇక్కడా అంతే. మార్టీ రిపోర్టు, పీహెచ్‌ఎస్ కాపీ, ఎన్‌సీఆర్‌ఎస్ షిప్పింగ్ రిపోర్టు అమ్మేవాడు చూపించినా సరే, అదే విన్‌తో మీ డబ్బు పెట్టి మళ్లీ తెప్పించండి. ఎన్‌సీఆర్‌ఎస్ రిపోర్టులో పెన్సిల్వేనియా కానన్స్‌బర్గ్‌లోని వేగం కార్లకు పేరున్న యెంకో షెవర్లే డీలరు పేరో, జెడ్ఎల్1లు 50 ఆర్డర్ చేసిన ఇల్లినాయ్ లా హార్ప్‌లోని ఫ్రెడ్ గిబ్ షెవర్లే పేరో వస్తే కథకి బలం. అయినా డీలరు పేరు ఇంజిన్‌ని నిరూపించదు. ఆ షోరూముల్లో మామూలు కార్లు కూడా అమ్మారు.

షెవర్లేకి అన్నిటికంటే గట్టి కాగితం బిల్డ్ షీట్, ఫ్యాక్టరీ లైన్‌లో పనివాళ్లకి ఏ పార్టు పెట్టాలో చెప్పిన కాగితం. పని అయ్యాక దాన్ని పెట్రోల్ ట్యాంకు మీదో సీటు స్ప్రింగుల్లోనో వదిలేసేవారు. క్రైస్లర్ కార్లలో గ్లవ్‌బాక్స్ పైన, కార్పెట్ కింద కూడా దొరుకుతుంది. దొరికిన షీట్ మీద మీ కారు విన్ ఉందో లేదో ముందు చూడండి. పనివాళ్లు ఒక కారు షీట్ ఇంకో కారులో పడేయడం మామూలే. ట్యాంకు మీద యాభై ఏళ్లున్న కాగితం చిరిగి, తుప్పు మరకలతో, కొన్నిచోట్ల చదవడానికి వీల్లేకుండా ఉంటుంది. ఇంజిన్ కోడ్ దగ్గర మాత్రం శుభ్రంగా ఉండి మిగతా అంతా మాసిపోయి ఉంటే ఆలోచించండి. ట్యాంకు దించినప్పుడు తీసిన ఫొటో ఉందా అని అడగండి. ఇంకా ఎవరూ దించలేదంటే మీ ఎదురుగా దించమనండి, ఖర్చు మీరే పెట్టుకున్నా నష్టం లేదు.

ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు వారంటీ కార్డు అమ్మేవాళ్లకు మహా ముద్దు. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్ కోడ్‌లు, మొదటి ఓనరు పేరు ఉంటాయి. నకళ్లు చేసే మిషన్లు ఉన్నాయి కాబట్టి దాన్ని తోడు సాక్ష్యంగా మాత్రమే తీసుకోండి. విండో స్టిక్కర్‌ని లెక్కలోకే తీసుకోవద్దు, ప్రదర్శన కోసం కొత్తవి అచ్చువేయించుకుంటారు.

నా దృష్టిలో అన్నిటికంటే నకిలీ చేయలేనిది మనుషుల వరస. మొదటి ఓనరు నుంచి ఇప్పటిదాకా పేర్లు, పాత రిజిస్ట్రేషన్లు, బీమా కాగితాలు, 1970ల నాటి ఫొటోలు, డ్రాగ్ రేసు చీటీలు, మెకానిక్ బిల్లులు. ముగ్గురు పాత ఓనర్లకి ఫోన్ చేసి ‘మీ దగ్గరున్నప్పుడు ఇందులో ఏ ఇంజిన్ ఉండేది?’ అని అడిగితే సగం సందేహాలు తీరతాయి. అబద్ధం చెప్పే అవసరం వాళ్లకు లేదు, పైగా ఆ కారు గురించి మాట్లాడమంటే గంటలు మాట్లాడతారు. 1990ల ముందు ఎక్కడుందో ఎవరికీ తెలియని ‘అరుదైన’ కారుకి కాగితాలు ఎంత బాగున్నా నేనైతే అరుదైన ధర ఇవ్వను.

ఇండియాకి తేవాలనుకుంటే

రీస్టోర్ చేసి హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్లాలన్న కోరిక కొందరికి ఉంటుంది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ నిర్వచనంలోనే బండి అసలు రూపంలో ఉండాలి, భారీ మార్పులు చేసి ఉండకూడదు అని ఉంది. కాబట్టి పైన చెప్పిన పరీక్షలు అక్కడా పనికొస్తాయి. దిగుమతి సుంకం మాత్రం కారు కొనేముందే కస్టమ్స్ ఏజెంటుతో లెక్క వేయించుకోండి. చాలామంది ఆ లెక్క చూశాక కారుని అమెరికాలోనే ఉంచేస్తారు.

చివరిగా, డబ్బు

ఆ మోడల్ ఒక్కదాని మీదే పనిచేసే నిపుణుడికి ఫీజు ఇచ్చి చూపించండి. అన్ని పాత కార్లూ చూసే ఇన్‌స్పెక్టరు తుప్పు, బ్రేకులు చెప్పగలడు, బ్రోచ్ గీతలు చెప్పలేడు. ఆ నిపుణుణ్ని మీరే ఎంచుకోండి, అమ్మేవాడు సూచించినవాణ్ని వద్దనండి.

ప్రకటనలో వాడిన మాటల్ని నిలదీయండి. ‘నంబర్స్ మ్యాచింగ్’ అంటే ఏ నంబరు దేనితో కలిసింది? పాక్షిక విన్ ఉన్న అసలు ఇంజినా, లేక కాస్టింగ్ నంబరు మాత్రం సరిపోయే వేరే ఇంజినా? ‘డేట్ కోడెడ్’, ‘పీరియడ్ కరెక్ట్’ అన్నారంటే ఆ కారుతో పుట్టిన ఇంజిన్ కాదని వాళ్లే ఒప్పుకుంటున్నారు. జవాబు ఫోన్‌లో వద్దు, ఈమెయిల్‌లో తీసుకోండి.

టైటిల్ (యాజమాన్య పత్రం) మీది విన్, ప్లేటు మీది విన్, దాచిన నంబరు మూడూ మీరే స్వయంగా, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. తరవాత బిల్ ఆఫ్ సేల్‌లో ‘ఇది ఫ్యాక్టరీలో తయారైన 1969 కమారో జెడ్/28, ఇంజిన్ ఈ కారుతో పుట్టినది, నంబర్లు తిరిగి కొట్టలేదు’ అని అమ్మేవాడి చేత రాయించి సంతకం తీసుకోండి. ఆ వాక్యం రాయడానికి వెనకాడితే, అడ్వాన్సు ఇంకా మీ ఖాతాలోనే ఉంది కాబట్టి కారుకి క్లోన్ ధర ఎంతో అది చెప్పండి. ఆ ధరకి ఇస్తే తీసుకోండి.